పాత బండికి కొత్త ట్యాంకు: గని దగ్గరి జాగ్రత్త ఇంటి ముందు కూడా

పాత విల్లీస్ జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కిందనే ఉంటుంది. మధ్యలో ఒక రేకు, దాని మీద మెత్త, మెత్త మీద మనిషి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు మన దేశంలో ఆ జీపులు బిగించి అమ్మడం మొదలుపెట్టే నాటికే అది యుద్ధకాలపు డిజైను. చిన్న బండిలో ఎక్కడ చోటు దొరికితే అక్కడ ట్యాంకు పెట్టారు. అలాంటి ట్యాంకు ఇవ్వాళ తుప్పుపట్టి అడుగున చెమ్మగిల్లుతుంటే యజమాని ముందు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, షెడ్డుకు తీసుకుపోయి వెల్డింగుతో అతుకు వేయించడం. రెండోది, రేసు కార్ల కోసమని ఇంటర్నెట్‌లో అమ్మే ‘ఫ్యూయల్ సెల్’ తెప్పించి వెనక బిగించడం. జీపులకే కాదు, ఏపీ 15 నంబరుతో ఇంకా తిరుగుతున్న అంబాసిడర్లకూ మారుతి 800లకూ ఈ ప్రశ్న వస్తుంది. గోదావరిఖనిలో, యైటింక్లయిన్ కాలనీలో, సెంటినరీ కాలనీలో అలాంటి బండిని ఇష్టంగా నిలబెట్టుకుంటున్న ఇళ్ల కోసమే ఈ వివరణ.

నా అభిప్రాయం ముందే చెప్తాను. రోడ్డు మీద తిరిగే పాత బండికి నూటికి తొంభై పాళ్లు కావాల్సింది ఫ్యూయల్ సెల్ కాదు. కంపెనీ కొలతలకు సరిపోయే గట్టి ట్యాంకు, కొత్త పైపులు, సరిగా పనిచేసే గాలిగొట్టం ఉంటే చాలు. మరి ఫ్యూయల్ సెల్ గురించి ఎందుకు తెలుసుకోవాలంటే, ట్యాంకును ఏవి భద్రంగా ఉంచుతాయో అది విడివిడిగా చూపిస్తుంది. ఆ సూత్రాలు బొగ్గుబాయి దిగిన మనిషికి కొత్తవి కావు.

భూగర్భ గనిలో మీథేన్ గురించి సర్దారుకూ, ఓవర్‌మన్‌కూ, షాట్‌ఫైరర్‌కూ ఎవరూ చెప్పక్కర్లేదు. గ్యాస్ టెస్టింగ్ పరీక్ష పాసైతే తప్ప ఆ పనులు దొరకవు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. అంతదాకా రానివ్వకుండా 1.25 శాతం దాటగానే కరెంటు తీసేయాలని గనుల నిబంధన. ఇప్పుడు పెట్రోలు ఆవిరి లెక్క చూడండి. గాలిలో సుమారు 1.4 శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. 7.6 దాటితే గాలి చాలక అంటుకోదు. అంటే మీథేన్‌కు కావాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేకుండానే పెట్రోలు ఆవిరి ప్రమాదపు గీత దాటుతుంది. సున్నాకు 40 డిగ్రీలు కిందికి పోయినా అది ఆవిరిస్తూ మంటకు సిద్ధంగానే ఉంటుంది. ఎండాకాలం రామగుండంలో 45 డిగ్రీలు దాటే మధ్యాహ్నం సంగతి వేరే చెప్పాలా.

ఇంకో తేడా ఉంది. మీథేన్ గాలి కంటే తేలిక, అందుకే గనిలో పైకప్పు దగ్గర వెతుకుతారు. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది కిందికి జారి, డిక్కీ గుంటలోనో, సీటు కింద ఫ్లోరు మీదో, షెడ్డు గచ్చు పల్లంలోనో నిలబడుతుంది. గనిలో అడుగున పేరుకునే కార్బన్ డయాక్సైడ్‌లాగే కంటికి కనపడదు. ట్యాంకు కారుతున్న బండిని మూసి ఉన్న షెడ్డులో పెట్టి, పొద్దున్నే లైటు స్విచ్చి వేసిన చోట ఏం జరుగుతుందో ఇక ఊహించుకోవచ్చు.

ఈ లెక్కతోనే వెల్డింగు సంగతి తేలిపోతుంది. నిండా పెట్రోలు ఉన్న ట్యాంకు లోపల ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది, గాలి చాలదు. పెట్రోలు తీసేసి ‘ఖాళీ’ చేసిన ట్యాంకులోకి గాలి చేరుతుంది. గోడలకు అంటిన తడి, మడతల్లో దాగిన చుక్కలు ఆవిరై సరిగ్గా ఆ 1.4కూ 7.6కూ మధ్యకు వస్తాయి. గనిలో బొగ్గు తీసేసి మూసేసిన పాత గోఫ్‌లోకి గాలి చేరితే భయపడేది కూడా ఇందుకే. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ఒకసారి నీళ్లతో కడిగి ఎండలో పెట్టినంత మాత్రాన దాని మీద టార్చి పెట్టకూడదు. నీటి ఆవిరితో కడిగి, గ్యాస్ మీటరుతో పరీక్షించి పనిచేసే ఏర్పాటు లేని షెడ్డులో ఆ పని చేయించొద్దు. చిన్న చిల్లికి బట్టల సబ్బు రుద్దడం, ఎమ్‌సీల్ పెట్టడం లాంటివి బండిని ఇంటిదాకా చేర్చడానికే. దాన్నే రిపేరు అనుకుని నెలలు నడిపే వాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

ఇక ఫ్యూయల్ సెల్. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించేది వేరు, ఇక్కడ మాట్లాడేది పెట్రోలు ట్యాంకు గురించే. యుద్ధ విమానాల ట్యాంకుల నుంచి రేసు కార్లలోకి వచ్చిన వస్తువు ఇది. దాన్ని తప్పనిసరి చేసింది చావులే. 1964 మే 24న అమెరికాలో షార్లెట్ ట్రాక్ మీద ఫైర్‌బాల్ రాబర్ట్స్ అనే పేరున్న డ్రైవర్ కారు తిరగబడి అంటుకుంది. కాలిన గాయాలతో అతను జులై 2న చనిపోయాడు. షార్లెట్ ప్రమాదం జరిగిన ఆరు రోజులకే, మే 30న, ఇండియానాపోలిస్ 500 రేసులో ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మంటల్లో పోయారు. ఆ తర్వాతే ఫైర్‌స్టోన్ లాంటి టైర్ల కంపెనీలు రబ్బరు సంచి ట్యాంకుల మీద గట్టిగా పనిచేశాయి, అమెరికా రేసుల్లో అవి నిబంధనగా మారాయి. ఫార్ములా వన్‌లో 1970లో అలాంటి సంచి ట్యాంకు తప్పనిసరి అయింది.

అసలైన ఫ్యూయల్ సెల్‌లో పైన ఉక్కు లేదా అల్యూమినియం పెట్టె, లోపల రబ్బరు పట్టించిన గట్టి బట్టతో చేసిన సంచి. పాత ఫుట్‌బాల్‌లో తోలు లోపల బ్లాడర్ ఉన్నట్టే. గుద్దుకుంటే పెట్టె నలుగుతుంది, సంచి దానితో పాటు వంగుతుందే గానీ చిరగదు. సంచి నిండా స్పాంజి లాంటి నురుగు ఉంటుంది, గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. అది రెండు పనులు చేస్తుంది. మలుపుల్లో పెట్రోలు ఎగిసిపడకుండా ఆపుతుంది. లోపల ఎప్పుడైనా ఆవిరి అంటుకుంటే, మంట ఒక్కసారిగా అంతా పాకకుండా దాన్ని చిన్నచిన్న గదుల్లో చీల్చి, వేడి లాగేసి, నెమ్మదింపజేస్తుంది. సేఫ్టీ ల్యాంపు చుట్టూ ఉండే సన్నటి జాలీ గుర్తొస్తోందా? 1815లో హంఫ్రీ డేవీ చూపించిన సంగతి, చిన్న కన్నాల లోహపు జాలీ గుండా మంట దాటదని. రెండింటి పని తీరూ పూర్తిగా ఒకటి కాదు, అయినా మంటను ముక్కలు చేసి దాని వేడి లాగేయాలన్న తెలివి ఒకటే.

సంచి పైన ఒక పలక. పెట్రోలు పోసే మూతి, ఇంజనుకు పోయే పైపు, తిరిగి వచ్చే పైపు, గాలిగొట్టం, గేజీ తీగ అన్నీ ఆ పలక గుండానే పోతాయి. పక్కన గానీ అడుగున గానీ కన్నం ఉండదు. బండి పల్టీ కొడితే మూతి దగ్గరా గాలిగొట్టంలోనూ ఉన్న వాల్వులు వాటంతటవే మూసుకుంటాయి. నన్ను అడిగితే మొత్తంలో అన్నిటికంటే విలువైన భాగం ఆ వాల్వే. బండి తలకిందులై, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా, తెరుచుకున్న గొట్టంలోంచి కారే పెట్రోలు వేడి సైలెన్సర్ మీద పడితే చాలు.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో తక్కువ ధరకు దొరికే ‘ఫ్యూయల్ సెల్’ చూడండి. చాలావాటిలో సంచి లేదు. వెల్డింగు చేసిన సన్నటి అల్యూమినియం డబ్బా, లోపల ఒక నురుగు ముక్క, పైన మెరిసే మూత. అడుగున పైపుల కోసం కన్నాలు కూడా ఉంటాయి. అంతర్జాతీయ మోటారు రేసుల సంస్థ ఎఫ్‌ఐఏ ప్రమాణం ఎఫ్‌టీ3 పాసైన సంచి మీద ఆ ముద్ర, తయారీ తేదీ ఉంటాయి. తేదీ నుంచి 5 ఏళ్లు దాని ఆయుష్షు, తయారీదారు పరీక్షిస్తే మరో 2 ఏళ్లు. తేదీ లేని డబ్బాను సెల్ అని పిలిచినా అది డబ్బానే. గనిలో గడువు దాటిన సెల్ఫ్ రెస్క్యూయర్ నడుముకు కట్టుకుని దిగుతామా? కంపెనీ వేసిన పాత ఉక్కు ట్యాంకు మంచి స్థితిలో ఉంటే ఈ డబ్బా కంటే అదే మేలు.

అసలు సెల్ కొన్నా అది రోజువారీ బండికి తేలికైన వస్తువు కాదు. ఎండకు కారు కాలిపోయే మన ఊళ్లో నురుగూ సంచీ మెత్తబడి, పొడి రాలి, ఫిల్టర్‌లో ఇరుక్కునే రోజు వస్తుంది. ఇథనాల్‌కు తట్టుకోని పాత రకం నురుగైతే ఇంకా తొందరగా. మన దగ్గర 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో అధికారికంగా మొదలుపెట్టారు, 2025 నాటికి బంకుల్లో అదే మామూలు పెట్రోలైంది. 2023కు ముందు తయారైన బండి దీనికోసం చేసింది కాదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వారానికొకసారి తీసే బండిలో సగం నిండిన ట్యాంకులో గాలి చెమ్మ చేరి, నీరు అడుగుకు దిగి, లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బి, ఆ తర్వాత గట్టిపడి పగుళ్లిస్తాయి. కాబట్టి ట్యాంకు మార్చినా మార్చకపోయినా, పాత బండి ఉన్న ప్రతి ఇంట్లో ఈ సంవత్సరమే చేయాల్సిన పని ఒకటుంది. ట్యాంకు నుంచి ఇంజను దాకా ఉన్న ప్రతి అంగుళం రబ్బరు పైపూ తీసేసి, ఇథనాల్‌కు తట్టుకునే పైపు వేయించాలి. ట్యాంకు ధరతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. మంటలను ఆపడంలో దీని పాలు ఎక్కువ.

కార్బొరేటర్ బండికీ ఇంజెక్షన్ బండికీ ఒకే పైపు వేయకూడదు. పాత కార్బొరేటర్ బండిలో పంపు ఒత్తిడి చాలా తక్కువ. 2000 తర్వాతి మారుతి 800 ఎంపీఎఫ్‌ఐ లాంటి వాటిలో అది దాదాపు 3 బార్. మామూలు పైపు, మామూలు క్లిప్పు ఆ ఒత్తిడికి ఊడిపోతే పెట్రోలు కారడం కాదు, వేడి ఇంజను మీద చిమ్ముతుంది. ఇంకొక సంగతి, ఇంజను తిప్పే పాత పంపు ఇంజను ఆగితే ఆగుతుంది. దాని బదులు ఎలక్ట్రిక్ పంపు వేసిన వాళ్లు, గుద్దుకున్నప్పుడు కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్చి కూడా వేయించాలి. లేకపోతే బండి నలిగిపోయి, మనిషి స్పృహ తప్పినా, పంపు మాత్రం తెగిన పైపులోంచి పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

అయినా ఫ్యూయల్ సెల్ పెట్టడం న్యాయమైన సందర్భం ఒకటుంది. సీటు కింద ట్యాంకు ఉండి, అది పనికిరాకుండా పోయి, అదే కొలతల్లో కొత్తది దొరకనప్పుడు. అప్పుడు మొదట తేల్చాల్సింది చోటు. అమెరికాలో ఫోర్డ్ పింటో కారు ట్యాంకు వెనక ఇరుసుకూ బంపర్‌కూ మధ్య ఉండేది. వెనక నుంచి గుద్దితే ఇరుసు బోల్టులకు తగిలి చిల్లిపడి అంటుకునేది. 1978లో ఆ కంపెనీ 15 లక్షల కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీల ముందు పాత కారు నడిపే మనిషి ఆలోచించాల్సింది ఇదే. డిక్కీలో చివరాఖర్న, బంపర్‌కు ఆనుకుని పెట్టొద్దు. ఛాసిస్ దూలాల మధ్య, వీలైనంత ముందుకు, కింద రాళ్లు తగలనంత ఎత్తులో ఉండాలి.

బిగింపు డిక్కీ రేకుకు కాదు, ఛాసిస్‌కు. వెడల్పాటి ఉక్కు పట్టీలు, పట్టీకీ పెట్టెకూ మధ్య రబ్బరు. చాలా పాత కార్లలో వెనక సీటుకూ డిక్కీకీ మధ్య ఉండేది అట్టముక్కే. అక్కడ గాలి దూరకుండా లోహపు రేకు వేసి, అంచులన్నీ మూసేయాలి. ఇది లేకుండా డిక్కీలో ట్యాంకు పెట్టినవాడు తన పిల్లలను ట్యాంకు ఉన్న గదిలోనే కూర్చోబెట్టినట్టు లెక్క. పోసే మూతి బండి బయట ఉండాలి, డిక్కీ లోపల కాదు. గాలిగొట్టం ట్యాంకు కంటే పైకి ఒక మెలిక తిరిగి, వాల్వు దాటి, సైలెన్సర్‌కు దూరంగా బయటికి దిగాలి. దాని కొనకు జాలీ ఉంటే మంచిదే, కాని ఓపెన్‌కాస్టు దుమ్ములో అది పూడుకుపోతుంది, నెలనెలా చూసుకోవాలి. పలక నుంచి ఛాసిస్‌కు ఒక ఎర్తు తీగ తప్పనిసరి. పెట్రోలు పైపులో పారేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు పోవడానికి దారి కావాలి, లేకపోతే బంకులో నాజిల్ తగిలినప్పుడు అక్కడే రవ్వ పుడుతుంది.

నిండా పోయించే అలవాటు కూడా మానాలి. 20 డిగ్రీల వేడి పెరిగితే 35 లీటర్ల పెట్రోలు అర లీటరుకు పైగా ఉబ్బుతుంది. పొద్దున బంకులోని చల్లటి భూగర్భ ట్యాంకు నుంచి మూతిదాకా పోయించి, మధ్యాహ్నం జీడీకే గని గేటు ముందు ఎండలో నిలబెట్టిన బండి ఆ అర లీటరును ఎక్కడో ఒకచోట బయటికి తోయాలి కదా.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. పాత ట్యాంకు చోటులో అదే రకం కొత్త ట్యాంకు వేయడం రిపేరు. ఫ్లోరు కోసి వేరే చోట వేరే రకం ట్యాంకు పెట్టడం మార్పు. కాబట్టి పెద్దపల్లి ఆర్టీఓ కార్యాలయాన్నీ, ఇన్సూరెన్స్ కంపెనీనీ పని మొదలుపెట్టే ముందే కాగితం మీద అడగాలి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ 5 ఏళ్లకొకసారి ఎలాగూ వస్తుంది, అప్పుడు ఇన్‌స్పెక్టర్ చూస్తాడు. అంతకంటే ముందు ఏదైనా జరిగితే, చెప్పకుండా చేసిన మార్పు క్లెయిముకు అడ్డం పడుతుంది.

గ్యాస్ కిట్టుకు మాత్రం అదే సెక్షను దారి ఇచ్చింది. అనుమతి ఉన్న కిట్టు, అనుమతి ఉన్న వర్క్‌షాపు, ఆర్‌సీలో నమోదు. సీఎన్‌జీ అంటే చాలా వరకు మన మీథేనే, 200 బార్ ఒత్తిడిలో. ఆ సిలిండర్‌కు 3 ఏళ్లకొకసారి నీటి ఒత్తిడి పరీక్ష, బండ్లకు వాడే ఎల్‌పీజీ ట్యాంకుకు 5 ఏళ్లకొకసారి. ఎల్‌పీజీ ట్యాంకులో 80 శాతం నిండగానే ఆపే వాల్వు ఉంటుంది, మిగిలిన చోటు ఉబ్బడానికి. వంటింటి ఎర్ర సిలిండర్‌లో ఆ వాల్వు లేదు. ఓమ్నీ వ్యాన్లలో దాన్ని సీటు వెనక పడుకోబెట్టి, సందుల్లో మోటారుతో నింపి, బడి పిల్లలను ఎక్కించుకోవడం మన పట్టణాల్లో చాలాకాలం చూశాం. అది నేరం. ఎల్‌పీజీ కూడా గాలి కంటే బరువే, కారితే పిల్లల కాళ్ల దగ్గరే చేరుతుంది. అలాంటి వ్యాను కనిపిస్తే ఆ తల్లిదండ్రులకు చెప్పండి, మొహమాటపడొద్దు.

ఓపెన్‌కాస్టుల్లో 100 టన్నుల డంపర్లకు, ఇంజను దగ్గర వేడి పెరిగితే తనంతట తానే మంట ఆర్పే మందు చిమ్మే ఏర్పాటు ఉంటుంది. ఇంటి బండికి అంత అక్కర్లేదు. రెండు కిలోల పొడి మందు సిలిండర్ ఒకటి, డ్రైవర్ చేయి అందే చోట, డిక్కీలో కాదు. పెట్రోలు మంట మీద నీళ్లు కొట్టొద్దు, పెట్రోలు తేలి మంటతో పాటు పారుతుంది.

కొత్త ట్యాంకు ఏదైనా సరే, బిగించిన రోజే నింపొద్దు. అయిదు లీటర్లు పోసి, బండిని ఆరుబయట, కింద అట్టలు పరిచి ఒక రాత్రి ఉంచండి. పొద్దున వాసన, మరక రెండూ లేకపోతే సగం దాకా పోసి, వాలులో ముక్కు కిందికి ఒకసారి, తోక కిందికి ఒకసారి నిలపండి. ఆ తర్వాత ఇంజను నడుస్తుండగా ప్రతి అతుకునూ టార్చిలైటుతో చూడాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక పట్టీల బోల్టులు మళ్లీ బిగించాలి, గతుకులకు అవి తప్పకుండా వదులవుతాయి. పైపు వేసిన తేదీ, ట్యాంకు తేదీ, చూసినవాళ్ల పేరు ఒక చిన్న పుస్తకంలో రాసి ఆర్‌సీతో పాటు పెట్టుకోండి. రబ్బరు పైపులను నాలుగైదేళ్లకు, పైకి బాగానే కనిపిస్తున్నా, మార్చేయాలి.